తొక్కని గడప

"నువ్వే కట్టావు మామా, నువ్వే విప్పు."

దాఫిషా ఈ మాట అనడం నిన్న సాయంత్రం నుంచి ఇది నాలుగోసారి. ఒక్కసారీ గొంతు పెంచలేదు. ఒళ్ళో చేట పెట్టుకుని వక్కలు తరుగుతూనే ఉంది. రేపు మావ్లిన్‌కి మంత్రిగారు వస్తారు, కొత్త జిల్లా బోర్డు తగిలిస్తారు. వచ్చినవాళ్ళందరికీ వక్కాకు అందించడం మర్బిన్ వంశపు పెద్దింటి కడగొట్టు ఆడపిల్ల పని. ఏడుపొచ్చినా నవ్వొచ్చినా ఆ పని ఆగడానికి లేదు.

కిన్సాయ్ పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాడు. మేనమామ ఇంటికి వస్తే ఆ పీట ఆయనదే, ఇంకొకరు కూర్చోరు. జిల్లా సాధన సమితి కార్యదర్శిగా ఇరవై రెండేళ్ళు ఎంతమంది మంత్రుల ఎదుట కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడో మనిషి! ఇవాళ సొంత చెల్లెలి ఇంట్లో పీట అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"ఆ కత్తి కాసేపు పక్కన పెట్టమ్మా," అన్నాడు.

"పెడితే విప్పుతావా?"

"అదేమైనా తాడు ముడి అనుకున్నావా?"

"తాడైతే నిన్ను అడగడం దేనికి? నేనే కోసేసేదాన్ని."

పొయ్యి మీద పంది మాంసం కలియబెడుతున్న బిసిల్డా తల తిప్పలేదు. ఆవిడ కిన్సాయ్‌కి చెల్లెలు, దాఫిషాకి తల్లి, ఈ ఇంటికి యజమానురాలు. నిన్న సాయంత్రం ఇదే పొయ్యి దగ్గర కూతురు "నాకు అయిదో నెల. బిడ్డ తండ్రి బాంటెయ్" అని చెప్పింది. అప్పటి నుంచీ బిసిల్డా ఎవరి మొహమూ తిన్నగా చూడలేదు.

అయిదో నెల కాదు ఇక్కడ గొడవ. ఈ కొండల్లో బిడ్డకి తల్లి వంశమే వంశం, తల్లి ఇల్లే ఇల్లు. తండ్రి ఇవాళ వస్తే సంతోషం, రేపొస్తే రేపే సంతోషం. గొడవంతా బాంటెయ్ ఉమ్‌తారా ఊరివాడు కావడం, సోహ్లాత్ వంశం వాడు కావడం. నాలుగు నెలల కిందటిదాకా అదీ గొడవ కాదు. రెండు వైపులా పందిని కోసి ఊరందరికీ భోజనాలు పెట్టేవాళ్ళు.

నాలుగు నెలల కిందట కిన్సాయ్ ఆ రెండు వంశాలనూ ఒక్కటి చేసి కూర్చున్నాడు.

జిల్లా కేంద్రం మావ్లిన్‌లో పెట్టాలా ఉమ్‌తారాలో పెట్టాలా అని ఇరవై రెండేళ్ళు రెండు ఊళ్ళూ కొట్టుకు చచ్చాయి. ముందు మీలో మీరు తేల్చుకుని రండి, జిల్లా సంగతి తర్వాత అని పైవాళ్ళు హాయిగా చేతులు దులుపుకున్నారు. అప్పుడు కిన్సాయ్‌కి పెద్దలనాటి ఆచారం గుర్తొచ్చింది. ఇరు వంశాల మేనమామలు ఊరిపెద్దల సభలో, దర్బారులో నిలబడి, సొరబుర్రలోంచి బియ్యపు సారా నేలమీద పోసి, దేవుడి మీద ప్రమాణం చేస్తే ఆ క్షణం నుంచి రెండూ ఒకే వంశం. ఇక నీ ఊరూ నా ఊరూ అన్న మాట ఉండదు. సోహ్లాత్ వాళ్ళు ఆ ప్రమాణానికి కట్టుబడి పంతం వదిలేశారు. జిల్లా వచ్చింది.

దానితోపాటే వరసా వచ్చింది. ఒకే వంశమయ్యాక అందరూ అన్నాచెల్లెళ్ళే. ఆ వరస తప్పినవాళ్ళకి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ పుట్టవు. చర్చిలో పాస్టరుగారు పెళ్ళి చెయ్యరు. చచ్చాక ఎముకలకు వంశపు సమాధి రాళ్ళ కింద చోటు దొరకదు.

"ప్రమాణం రోజున దర్బారు గుమ్మంలో వక్కాకు పళ్ళెం పట్టుకుని నిలబడింది నేనే," అంది దాఫిషా. "లోపల నువ్వు గొంతు చించుకుని చెప్పావు, సోహ్లాత్ మగపిల్లలంతా ఇవాళ్టి నుంచి మా ఆడపిల్లలకు అన్నదమ్ములని. బాంటెయ్ నా ఎదురుగానే ఉన్నాడు. త్రిఫినా అత్త నా డొక్కలో పొడిచి ఏమందో తెలుసా? 'అన్నయ్యకి వక్కాకు ఇవ్వవేమే, సిగ్గా?' అంది. అందరూ నవ్వారు. ఇచ్చాను మామా. ఈ చేత్తోనే ఇచ్చాను."

"అయ్యో! అప్పుడే నా చెవిన వెయ్యకపోయావా తల్లీ!"

"ఎక్కడ వెయ్యను? దర్బారులో ఆడది నోరు తెరవకూడదు. అడగడానికి నువ్వు ఇంటికొస్తావని ముందురోజంతా కూర్చున్నాను. వచ్చావా?"

బిసిల్డా చేతిలో గరిటె ఆగింది.

ఆచారం అక్కడే ఉంది మరి. ప్రమాణానికి ముందు మేనమామ తన వంశంలోని ప్రతి గడపా తొక్కి, "అటువైపు మనసిచ్చిన పిల్లగానీ పిల్లాడుగానీ మీ ఇంట్లో ఉన్నారా?" అని అడగాలి. ఏ ఒక్క ఇంట్లో ఉన్నా ముడి వెయ్యకూడదు. అడిగానని, ఎవరూ లేరన్నారని దర్బారులో చెప్పాకే సారా సొరబుర్ర ఎత్తాలి. మావ్లిన్‌లో మర్బిన్ వాళ్ళవి ముప్పై ఏడు గడపలు. మూడు రోజులపాటు వానలో తడుస్తూ కిన్సాయ్ ముప్పై ఆరు తొక్కాడు. మిగిలిపోయిన ఆ ఒక్కటీ ఇదే, తను పుట్టిన ఇల్లు.

"శుక్రవారం," అంది బిసిల్డా పొయ్యిలోకి చూస్తూ. "పక్కింట్లోంచి బయటికొచ్చావు. ఇటే వస్తావని టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. మన గేటు దగ్గర ఆగావు కూడా. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నావు. వెళ్ళిపోయావు."

"మన ఇంట్లో అడిగేదేముంది అనుకున్నాను చెల్లీ."

"అనుకున్నావు."

"చూస్తూ నిలబడ్డావా? 'అన్నయ్యా, ఇలా రా' అని ఒక్క కేక వేస్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"పిలిస్తేగానీ రాని మేనమామ ఉంటాడని మా అమ్మ నాకు చెప్పలేదు."

దాఫిషా కత్తి చకచకా వక్కల మీద పడుతోంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కిన్సాయ్ రచ్చ గెలిచి వచ్చేసరికి ఇల్లు చెయ్యిజారింది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది ఆయనకి, అది ఈ ఇద్దరికీ తెలియదు. ఆ సాయంత్రం గేటు దగ్గర ఆయన ఊరికే ఆగలేదు. ఎనిమిది రోజులకోసారి జరిగే ఉమ్‌తారా సంతకి దాఫిషా ఈ మధ్య ఒక్కసారీ తప్పడం లేదని ఆయన చెవిన పడింది. ఉప్పు ఇక్కడే దొరుకుతుంది, చేపలు ఇక్కడే దొరుకుతాయి, మరి ఈ పిల్లకి అంత దూరం ఏం పనో! అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని గుండె జంకింది. ఇరవై రెండేళ్ళకి చేతికందబోతున్న జిల్లా. అడగకపోతే వినక్కర్లేదు. ఆ పిరికితనాన్నే ఆయన "మన ఇల్లే కదా" అని సర్దుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు తనమీద తనకే అసహ్యం వేస్తోంది.

"దారి ఉంది," అన్నాడు చివరికి. "ఒక్కటే ఉంది."

కత్తి ఆగింది.

"అన్ని గడపలూ తొక్కానని దర్బారులో అబద్ధమాడానని నేను నలుగురి ముందూ ఒప్పుకోవాలి. మొదలే అబద్ధమైతే ముడి పడనట్టే. సోహ్లాత్ వాళ్ళు మళ్ళీ సోహ్లాత్ వాళ్ళే అవుతారు."

"ఆ మాట ఈ పొయ్యి దగ్గర ఎత్తకు!" బిసిల్డా గిర్రున తిరిగింది. "ప్రమాణం చేసి అబద్ధమాడిన మేనమామకి మళ్ళీ ఈ పీట ఉంటుందా? నీ పేరు ఈ ఇంటికి కప్పు అన్నయ్యా. కప్పు పీకి దీనికి పెళ్ళిపందిరి వేస్తావా?"

"వెయ్యనీ అమ్మా," అంది దాఫిషా.

"నువ్వు నోర్ముయ్యి! మీ ఇద్దరికీ ఏం తెలుసు? ముడి లేదని తెలిస్తే ఉమ్‌తారా వాళ్ళు ఊరుకుంటారా? రేపు మంత్రి కారుకి అడ్డంగా పడుకుంటారు. జిల్లా వెనక్కి పోతుంది. దీని నాన్న ఎక్కడ పోయాడో మరిచిపోయావా అన్నయ్యా? పెద్దాసుపత్రికి నూటపది కిలోమీటర్లు. సగం దారిలో, సుమోలో, నా ఒళ్ళో పోయాడు. డ్రైవరు బండాపి టోపీ తీసేదాకా నాకు తెలియనే లేదు, పోయిన మనిషితో కబుర్లు చెబుతూ కూర్చున్నాను. ఆసుపత్రి ఇక్కడికి రావాలి. వచ్చి తీరాలి."

"నాన్న పేరు చెప్పి నా మొగుణ్ణి నాకు అన్నయ్యని చెయ్యకు."

"షిల్లాంగ్‌లో పిన్ని కూతురు ఉంది. అక్కడికెళ్ళి కను. ఎవరి బిడ్డని అక్కడ ఎవరూ అడగరు."

"ఎవరూ అడగరు. పెద్దయ్యాక అదే అడుగుతుంది," అంది దాఫిషా. చేట పక్కన పెట్టి గళ్ళ పైగుడ్డ మొహానికి కప్పుకుంది.

కిన్సాయ్ లేచాడు. బిసిల్డా కంచంలో అన్నం పెట్టి, పైన ఎండుచేప పచ్చడి వేసి అందించింది. ఆయన తీసుకోలేదు. చెల్లెలు పెట్టిన అన్నాన్ని ఆయన కాదనడం అదే మొదలు.

రేపు సభ జరిగే మైదానం రెండు వక్కలు నమిలేంత దూరం. కిన్సాయ్ ఒక్కటీ నమలకుండా వెళ్ళాడు.

తుంపర పడుతోంది. ఫుట్‌బాల్ గోలు స్తంభాలు పీకేసి అక్కడ వేదిక కట్టారు. రెండు ఊళ్ళ మగవాళ్ళూ కలిసి వెదురు కమాను లేపుతున్నారు, ఆడవాళ్ళు ఓ పక్కన డేగిశాలు తోముతున్నారు. నాలుగు నెలల కిందట ఈ రెండు ఊళ్ళ మనుషులు సంతలో భుజాలు తగిలితే తిట్టుకునేవాళ్ళు. ఇవాళ ఒకరి నోట్లో ఒకరు వక్క పెడుతున్నారు. ఇది చూడాలని ఎన్నేళ్ళు కలగన్నాడో కిన్సాయ్! చూసి సంతోషపడే యోగం మాత్రం లేకపోయింది.

"రా తమ్ముడూ రా! నీ జిల్లా గేటులోంచి నా పొట్ట పట్టేట్టు లేదు, కొంచెం వెడల్పు చేయించు," అని నవ్వాడు హెప్సింగ్. సోహ్లాత్ వంశానికి మేనమామ ఆయన, బాంటెయ్‌కి సొంత మేనమామ కూడా. డెబ్భై దాటినా గొంతు తగ్గలేదు.

కిన్సాయ్ ఆయన్ని వేదిక వెనక్కి తీసుకెళ్ళి, దాచకుండా అంతా చెప్పేశాడు. హెప్సింగ్ నమలడం మానేసి విన్నాడు.

"వారం రోజులుగా వాడు అన్నం ముట్టడం లేదు," అన్నాడు. "కడుపులో నులిపురుగులనుకుని మందు వేశాను ఎదవకి." నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నేను నలభై గడపలు తొక్కాను తమ్ముడూ. వాడు ఆ రోజు బండి మీద వెళ్ళాడు, ఊళ్ళో లేడు, వాళ్ళమ్మ ఎవరూ లేరంది. నేను అడిగాను, విన్నాను, అదే దర్బారులో చెప్పాను. నా మాట నిజం."

"నాది కాదన్నా."

"అయితే నేను చెప్పేది విను. ముడి పడలేదంటే మేం వదులుకున్నదీ వదులుకోనట్టే. మా కుర్రాళ్ళు ఆ బోర్డు పీకి ఉమ్‌తారా మోసుకుపోతారు. నేను ఆపను. ఆపమని అడక్కు."

"నా చోట నువ్వుంటే ఏం చేస్తావు?"

"నేనా? ఆ శుక్రవారమే లోపలికి వెళ్ళేవాణ్ణి."

ఆ మాటలో కోపం లేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది కిన్సాయ్‌కి.

కమాను మీద నుంచి బాంటెయ్ జారి కిందికొచ్చాడు. చేతుల నిండా వెదురు గీతలు. మేనమామలిద్దరినీ చూసి విషయం అర్థమైపోయింది వాడికి. తల దించుకుని, "దాఫి ఎలా ఉంది మామయ్యా?" అన్నాడు. అంతే అడిగాడు.

"వక్కలు తరుగుతోంది," అన్నాడు కిన్సాయ్.

అప్పుడే బిసిల్డా, దాఫిషా నుదుటి పట్టీలతో బుట్టలు మోసుకుంటూ మైదానంలోకి వచ్చారు. పనివాళ్ళకి వక్కాకు తెచ్చారు. దాఫిషా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బాంటెయ్ వైపు చూసి, అందరూ గమనిస్తారని చూపు తిప్పుకుంది. ఆ చూపు తిప్పుకోవడం చూశాడు కిన్సాయ్. నాలుగు నెలలుగా ఈ పిల్ల ఇలా తిప్పుకుంటూనే ఉంది కాబోలు, తను ఒక్కనాడూ కనిపెట్టలేదు.

"సార్, ఒక్క నిమిషం!" సర్కారు పంపిన కుర్ర ఆఫీసరు వేదిక మీంచి పిలిచాడు. "మైకు చూసుకోవాలి. రేపు చెప్పేదాంట్లో రెండు ముక్కలు చెప్పండి, చాలు."

కిన్సాయ్ మెట్లెక్కాడు. మైకు పట్టుకున్నాడు. పని చేస్తున్నవాళ్ళు తలలెత్తి చప్పట్లు కొట్టారు. ఎవరో ఈలేశారు.

"మర్బిన్ వాళ్ళూ, సోహ్లాత్ వాళ్ళూ వినండి," అన్నాడు. గొంతు మైదానమంతా మోగింది. "ప్రమాణం రోజున నేను అన్ని గడపలూ తొక్కానన్నాను. తొక్కలేదు. నా చెల్లెలి ఇంటికి వెళ్ళలేదు. ఆ ఇంట్లోనే అటువైపు మనసిచ్చిన పిల్ల ఉంది. అడిగితే చెప్పేది. చెబితే ముడి వెయ్యడానికి ఉండదని భయపడి అడగలేదు. నేను అబద్ధమాడాను. ఆ ముడి పడలేదు."

డేగిశాలు తోమే చేతులు ఆగిపోయాయి. కమాను పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. కుర్ర ఆఫీసరుకి ఈ భాష రాదు. బాగా మాట్లాడుతున్నాడనుకుని నవ్వుతూ తలాడించాడు.

"అయితే జిల్లా ఎవరిది?" ఉమ్‌తారా వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఇరవై రెండేళ్ళు మమ్మల్ని ఏడిపించి, ఇప్పుడా చెబుతావు?" అంది మావ్లిన్ వైపు నుంచి ఇంకో గొంతు. అది ఒకప్పుడు బడిలో కిన్సాయ్ దగ్గర చదువుకున్నవాడి గొంతే.

బిసిల్డా బుట్ట దించింది. పైగుడ్డ సర్దుకుని, ఎవరినీ తోసుకోకుండా, తిన్నగా వేదిక మెట్లెక్కింది. ఎవరో ముసలాయన "పెట్ట కూస్తే లోకం మునుగుతుంది" అని గొణిగాడు.

"కూస్తుంది తాతా. ఇది దర్బారు కాదు, బంతాట మైదానం," అంది ఆవిడ. జనం వైపు తిరిగింది. "మా అన్నయ్య మాట నమ్మకండి. మేనకోడలు ఏడుస్తుంటే చూడలేక అంటున్నాడు. ఆ శుక్రవారం మా ఇంటికొచ్చాడు. కూర్చున్నాడు, అడిగాడు. ఎవరూ లేరని నేనే చెప్పాను. అడగాల్సింది ఆయన అడిగాడు, దాచింది నేను. ప్రమాణం ప్రమాణమే. పాపం ఏదైనా ఉంటే నా నెత్తిన వెయ్యండి."

కిన్సాయ్ కళ్ళు చెమర్చాయి. ఎంత ప్రేమ ఇది! తను తెరిచిన తలుపుని చెల్లెలు ఆ ప్రేమతోనే మూసేస్తోంది.

"అమ్మా!" అని కింద నుంచి దాఫిషా అరిచింది. తల్లి అటు చూడలేదు.

దాఫిషా ఇంకోసారి పిలవలేదు. గబగబా నడిచి, కమాను దగ్గర నిలబడ్డ బాంటెయ్ పక్కకి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది. రెండు ఊళ్ళూ చూశాయి. బాంటెయ్ చెయ్యి విడిపించుకోలేదు. త్రిఫినా అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రమాణం నిజమైతే ఆ ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు, అక్కడే, అందరి కళ్ళముందే వెలి.

హెప్సింగ్ వేదిక ముందుకొచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"మైదానమైనా సరే, సోహ్లాత్ మేనమామగా అడుగుతున్నాను. నువ్వు ఆ ఇంటికి వెళ్ళావా, లేదా? ఒక్క మాట చెప్పు తమ్ముడూ."

లేదంటే, వంశపు పొయ్యి కాచే ఇల్లాలు అబద్ధాలకోరు అని అన్నే రెండు ఊళ్ళ ముందు చాటినట్టు. అవునంటే, ఆ పిల్లలిద్దరికీ రేపటి నుంచి ఊరు లేదు, పుట్టబోయే బిడ్డకి పేరు లేదు. కిన్సాయ్ చెల్లెలి వైపు తిరిగాడు.

బిసిల్డా అన్నయ్య చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయన చెవి దగ్గరికి వంగి, చిన్నప్పుడు తను తప్పు చేస్తే అమ్మకి చెప్పొద్దని బతిమాలినట్టే బతిమాలింది.

"నువ్వు రాలేదని నాకూ తెలుసు అన్నయ్యా. వచ్చానని చెప్పెయ్యి."

గుసగుసగానే అంది. కానీ మైకు ఇంకా కిన్సాయ్ చేతిలోనే ఉంది. ఆ మాట మైదానం చివర డేగిశాల దగ్గరిదాకా స్పష్టంగా వినపడింది.

హెప్సింగ్ నోట్లో వక్క ఉమ్మేసి, తను ఆపనన్న కుర్రాళ్ళ వైపు తిరిగాడు.